జపాన్ నగర విహారం – మూడవ పాఠం: ఓసకలో అడిగి తినడం

గడచిన పాఠంలో చాప్‌స్టిక్స్ పట్టుకొనే తీరును, వాటిని అన్నంలో నిలువుగా గుచ్చడం అక్కడ అంత్యక్రియలను గుర్తుకు తెస్తుంది కనుక అలా చేయరాదన్న మర్యాదను నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఓసక నగరంలో ఒక పగలు గడుపుతూ, కావలసినది అడిగి పుచ్చుకోవడాన్ని, తినకూడనిది వద్దని చెప్పడాన్ని అభ్యసిద్దాము.

ముందుగా ఊరి పేరు. మనం ‘ఒసాకా’ అని రాయడం అలవాటైనా, జపనీయులు మొదటి అక్షరాన్ని దీర్ఘంగా, తక్కిన రెండింటినీ హ్రస్వంగా ‘ఓసక’ అని పలుకుతారు. ఎ, ఏ, ఒ, ఓ భేదం పుట్టుకతోనే అబ్బిన మనకు ఇది కష్టం కాదు. వాక్య నిర్మాణమైతే ఇంకా సులువు. ‘కొరె ఒ కుదసై’ అంటే ‘దీన్ని ఇవ్వండి’ అని అర్థం: కొరె అంటే ఇది, ఒ అంటే మన ‘ని’ విభక్తి, కుదసై అంటే ఇవ్వండి. వరుస మారలేదు, క్రియ చివరనే ఉంది. ‘హితొత్సు’ అంటే ఒకటి కాబట్టి ‘కొరె ఒ హితొత్సు కుదసై’ అంటే ‘దీన్ని ఒకటి ఇవ్వండి’ అవుతుంది. బొమ్మల మెనూపై వేలు పెట్టి ఈ మాట అనగలిగితే సగం పని అయినట్లే.

ఉదయం ఓసక కోటకు వెళ్ళండి. తొయొతొమి హిదెయొషి అనే సేనాని 1583లో కట్టడం మొదలుపెట్టిన కోట ఇది. ఇప్పుడు కనిపించే ప్రధాన గోపురం మాత్రం 1931లో కాంక్రీటుతో తిరిగి కట్టినది, లోపల ప్రదర్శనశాల ఉంది. నా మటుకు నాకు గోపురం కంటే కందకం గోడల్లోని పెద్ద పెద్ద రాళ్ళే ఎక్కువ సేపు చూడదగినవిగా తోచాయి. అక్కడి నుండి మెట్రోలో హొమ్మచి వద్ద మిదోసుజి మార్గానికి మారి నంబలో దిగాలి. ఎస్కలేటరు మీద కుడి పక్కన నిలబడండి. తోక్యోలో అయితే ఎడమ పక్కన నిలబడతారు.

నంబ నుండి నాలుగడుగులు వేస్తే 1615లో తవ్వకం పూర్తయిన దోతొంబొరి కాలువ వస్తుంది. దాని ఒడ్డున తకొయకి అనే ఆక్టోపస్ ఉండలు వండే బండి ముందు కాసేపు ఊరికే నిలబడి చూడండి. 1935లో ఈ నగరంలోనే పుట్టిన ఈ వంటకానికి వాడే పెనం అచ్చం మన గుంత పొంగణాల పెనమే. గోధుమపిండి, గుడ్డు, దషి అనే చేప రసం కలిపిన పలుచని పిండిని గుంతలు పొంగి పొర్లేటట్లు పోసి, ఒక్కొక్క దానిలో ఆక్టోపస్ ముక్క వేసి, పైన అల్లం, ఉల్లికాడలు చల్లుతారు. అంచులు బిగుసుకోగానే సన్నని ఊచతో చుట్టూ గీసి, పొర్లిన పిండిని లోపలికి మడుస్తూ ఉండను పావు వంతు తిప్పుతారు. అలా రెండు మూడు సార్లు తిప్పేసరికి అది గుండ్రని బంతి అవుతుంది. పైన సాసు పూసి, ఎండు చేప పొరలు చల్లితే అవి ఆవిరికి కదులుతాయి. ఉండ లోపల పిండి జారుగా, మరుగుతున్నట్లే ఉంటుంది కనుక కొంచెం చీల్చి, ఆవిరి పోనిచ్చి తినండి. దాన్ని కొన్న చోటే నిలబడి తినడం మర్యాద.

శాకాహారులు ఇక్కడ శ్రద్ధగా వినాలి. జపనీస్‌లో మాంసాన్ని ‘నికు’ అంటారు (మన ‘నీకు’ కాదు, ని హ్రస్వం). మొదటి ప్రయాణంలో నేను ‘నికు’ వద్దని మాత్రమే చెప్పి, వేయించిన టోఫు వేసిన కిత్సునె ఉదొన్ అనే నూడుల్స్ రసాన్ని తృప్తిగా సగం తాగిన తరువాత అది చేప రసమని తెలిసింది. తప్పు కొట్టువారిది కాదు. చేప నికు కిందకు రాదు, దషి అంటే ఎండు చేపతో, కొంబు అనే సముద్రపు నాచుతో కాచే రసం. అందుచేత ఈ వాక్యాన్ని కంఠతా పట్టండి:

నికు మొ సకన మొ తబెమసెన్. దషి మొ దమె దెస్.

‘మాంసమూ చేపా తినను. దషి కూడా కుదరదు’ అని దీని భావం. మన ‘ఊ… ఊ’ ఎలాగో వారి ‘మొ… మొ’ అలాగే. ఇంత చెప్పినా వీలు కాదంటే నిరాశపడక, 1958లో ఈ ఓసక ప్రాంతంలోనే మొదలైన తిరిగే బెల్టు మీద పళ్ళాలు వచ్చే సుషి కొట్టుకు వెళ్ళి, అన్నంలో దోసకాయ పెట్టి చుట్టిన కప్పమకి అడగండి. బీరు సీసాలు బెల్టు మీద సాగిపోవడం చూసి షిరైషి యొషిఅకి ఆ పద్ధతిని కనిపెట్టారు.

భోజనమయ్యాక ‘గొచిసోసమ దెషిత’ (మంచి భోజనం పెట్టారు, ధన్యవాదాలు) అని లేచి రండి, టిప్పు ఇవ్వనక్కరలేదు. పక్క సందులోని హోజెంజి గుడిలో నాచు దట్టంగా పట్టిన ఫుదో అనే బౌద్ధ దేవుని విగ్రహం మీద భక్తులు గరిటెతో నీళ్ళు పోసి మొక్కుతారు. అభిషేకం తెలిసిన మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

అభ్యాసం: ‘సొరె’ అంటే అది. ‘ఇదీ అదీ ఇవ్వండి’ అన్న వాక్యాన్ని, పై రెండు నమూనాలను కలిపి, పుస్తకం చూడకుండా పైకి పలకండి. జవాబు వచ్చే పాఠంలో, క్యోతొ గుడుల శాకాహార భోజనంతో పాటు.