సర్దిన వారానికే చెదిరే అలమర: ఎక్కడ తేడా, ఎలా సరిచేయాలి

అలమర ఎన్నిసార్లు సర్దినా వారం తిరక్కుండానే కలగాపులగం అవుతోందంటే, తప్పు ఇంట్లోవాళ్ల బద్ధకంలో కంటే అర కొలతల్లో ఉండే అవకాశమే ఎక్కువ. డబ్బాలూ బుట్టలూ కొనకముందే టేపుతో మూడు కొలతలు తీయండి: అర లోతు, రెండు అరల మధ్య ఎత్తు, తలుపు తెరిచాక మిగిలే దారి వెడల్పు. ఈ మూడోది చాలామంది మరిచిపోతారు. అర వెడల్పుకు అచ్చంగా సరిపోయే డబ్బా తీరా మడతబందు దగ్గర తట్టుకుని బయటికి రాదు.

ఒక చొక్కా లాగితే దొంతరంతా కూలుతోంది

అరల మధ్య 15-18 అంగుళాల జాగా ఉంటే నిండేదాకా పేర్చేస్తాం. మడత బట్టల దొంతర 8-10 అంగుళాలు దాటితే కుదురుగా నిలవదు. పక్క చెక్కలకు పిన్నుల రంధ్రాలుంటే ఇంకో అర వేసి, ఎడం 10-12 అంగుళాలకు తగ్గించండి.

ఆ వీల్లేకపోతే నిలువు మడత నేర్చుకోవాల్సిందే. చొక్కాను బోర్లా పరిచి, రెండు పక్కలూ చేతులతో సహా లోపలికి మడిస్తే పొడవాటి పట్టీ అవుతుంది. దాన్ని సగానికి మడిచి, ఆపైన మూడు మడతలు వేయండి. చెయ్యి తీసినా బల్ల మీద నిలబడితే మడత కుదిరినట్టే. పల్చటి బట్ట వాలిపోతుంటే ఇంకో మడత వేయండి. వీటిని పుస్తకాల్లా వరసగా డబ్బాలో నిలబెడితే ఏది తీసినా పక్కది కదలదు. డబ్బాలో అరచెయ్యి దూరేంత సందు వదలండి. కిక్కిరిస్తే తీయడం తేలికే, తిరిగి పెట్టడమే కష్టం. చిందరవందర మొదలయ్యేది అక్కడే.

వెనక ఏముందో గుర్తుండదు

బీరువా లోతు సాధారణంగా 20-24 అంగుళాలు, మడిచిన బట్ట 10-12. అందుకే తెలియకుండానే రెండు వరసలు పడతాయి, వెనక వరస మరుగున పడుతుంది. ఉన్న వస్తువునే మళ్లీ కొనుక్కొచ్చేది కూడా ఇందువల్లే. అర లోతు కంటే ఒక అంగుళం పొట్టిగా ఉండే పొడవాటి ట్రేలు పెట్టి, సొరుగులా ముందుకు లాగేలా చేసుకోండి. ట్రే దొరకకపోతే వెనక వరస కింద 4 అంగుళాల పీట వేసినా చాలు, పైభాగం కనిపిస్తుంది.

అర వంగుతోంది, రాడ్డు కుంగుతోంది

18 మిల్లీమీటర్ల మందం పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) అర పొడవు రెండున్నర అడుగులు దాటితే బరువుకు మెల్లగా వంగుతుంది. తిరగేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ అదే కథ. ముందు అంచు కింద 2 అంగుళాల బద్దెను జిగురు, స్క్రూలతో బిగించండి. బద్దె నిలువుగా ఉండాలి. పడుకోబెడితే పెద్దగా బలం రాదు. రాడ్డు నాలుగడుగులైతే నడుమ ఒక ఆధారం తప్పదు. హ్యాంగర్లు తలుపుకు తగులుతుంటే రాడ్డు వెనక చెక్కకు 12 అంగుళాల దూరంలో ఉందో లేదో చూడండి.

తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన

చెమ్మ గోడలోంచి వస్తోందా, గాలిలోంచా అన్నది ముందు తేల్చుకోవాలి. అలమర జరిపి, వెనక గోడకు అడుగు చదరం అల్యూమినియం రేకు పెట్టి నాలుగంచులూ టేపుతో మూసేయండి. రెండు రోజుల తర్వాత రేకు గోడవైపు తడిగా ఉంటే నీరు గోడలోంచే వస్తోంది. ఎక్కడ కారుతోందో పట్టుకోకుండా లోపల ఏం పెట్టినా వృథా. గదివైపు తడి ఉంటే గాలిలోని తేమ చల్లటి గోడ మీద చేరుతోంది. గోడకూ అలమరకూ మధ్య 2 అంగుళాలు వదిలి, రోజూ కాసేపు తలుపులు తెరిచి ఉంచండి.

ఇస్త్రీ చేసిన బట్టల్ని వెంటనే లోపల పెట్టకండి, అరగంట బయట వేలాడదీయండి. ప్లాస్టిక్ కవర్లు తీసి నూలు గుడ్డ చుట్టండి. నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగిందంటే నిండినట్టు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఆరబెడితే మళ్లీ పనిచేస్తుంది. కలరా ఉండలు చెమ్మను పీల్చవు, అవి పురుగులకే. పసిపిల్లల బట్టల్లో అసలు వేయొద్దు: జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న బిడ్డల్లో ఈ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను చిదిపేస్తుంది.

సొరుగు బిగుసుకుంటోంది

ముందు సొరుగు పూర్తిగా బయటికి తీసి వెనక చూడండి. చాలాసార్లు జారిపడిన బట్టే అడ్డం. అది కాకపోతే పట్టాల స్క్రూలు వదులై ఉంటాయి. రంధ్రం పెద్దదైతే, మందు తీసేసిన రెండు మూడు అగ్గిపుల్లలు జిగురులో ముంచి దూర్చండి. ఆరాక బయటికి మిగిలిన పుల్లల కొసలు కోసి స్క్రూ మళ్లీ బిగించండి.

సొరుగులు లాగితే అలమర ముందుకు ఊగుతోంది

బరువైనవి అడుగు అరల్లోకి దించి, అలమర పైభాగాన్ని ఎల్ ఆకారపు పట్టీలతో గోడకు బిగించండి. పిల్లలున్న ఇంట్లో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే.