ఏడీహెచ్‌డీ మాత్ర కన్నా ముందు టిఫిన్
ఏడీహెచ్‌డీకి, అంటే ఏకాగ్రత నిలవని, కుదురుగా ఉండనివ్వని సమస్యకి, మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వాడే పెద్దవాళ్లలో చాలామందికి మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది. పనిలో పడి లంచ్ బాక్స్ మూత కూడా తీయరు. సాయంత్రం మందు ప్రభావం తగ్గగానే ఆకలి ఒక్కసారిగా మీద పడుతుంది. అప్పుడు చేతికి దొరికేది మిక్చరే, బిస్కెట్లే. అందుకే పొద్దున మాత్ర వేసుకోకముందే రెండు ఇడ్లీలో, పెసరట్టో, గుడ్డో కడుపులో పడాలి. మధ్యాహ్నానికి అలారం పెట్టుకోండి. అన్నం సయించకపోతే నాలుగు ముద్దల పెరుగన్నమైనా తినండి. నీళ్ల సీసా బ్యాగులో కాదు, కీబోర్డు పక్కనే ఉండాలి. కంటికి కనిపించనిది ఏడీహెచ్‌డీ బుర్రకు గుర్తుండదు మరి! కాఫీ తగ్గించండి, దానితో గుండె దడ పెరుగుతుంది. ఈ మందుతో బీపీ కాస్త పెరగొచ్చు కాబట్టి అప్పుడప్పుడు చూపించుకోండి. బరువు తగ్గిపోతుంటే డాక్టరుకు చెప్పండి, మోతాదు మాత్రం సొంతంగా మార్చొద్దు.