లినక్స్‌లో బయటి సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీ మేనేజర్‌తో పేచీ లేకుండా ఎలా ఉంచుకోవాలి?

సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజర్ ఏ ఫైలు ఏ ప్యాకేజీదో చిట్టా రాసుకుంటుంది. మీరు సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన కోడ్) నుంచి కంపైల్ చేసి పెట్టినవి ఆ చిట్టాలోకి ఎక్కవు. అలాంటి ఫైలును /యూఎస్ఆర్/బిన్‌లో పెట్టారనుకోండి. అదే పేరుతో ప్యాకేజీ వచ్చిన రోజున డెబియన్ అనే డిస్ట్రో (లినక్స్ పంపిణీ)లోని ప్యాకేజీ మేనేజర్ డీపీకేజీ మాట మాత్రం చెప్పకుండా దాన్ని చెరిపి తన ఫైలు పెట్టేస్తుంది. ఆర్చ్‌లోని ప్యాక్‌మ్యాన్ అయితే ‘ఈ ఫైలు ముందే ఉంది’ అని మొత్తం అప్‌డేట్‌నే ఆపేస్తుంది. నన్నడిగితే రెండోదే నయం. (కమాండ్లు, దారులు ఇక్కడ పలికే తీరులో ఉన్నాయి, టైపు చేయవలసింది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.)

1. ముందు డిస్ట్రో రిపోజిటరీ (ప్యాకేజీల భాండారం)లో, బ్యాక్‌పోర్ట్స్ (పాత విడుదలకు సరిపడేలా చేసిన కొత్త వెర్షన్లు)లో, ఫ్లాట్‌ప్యాక్ (వేర్వేరు డిస్ట్రోల్లో నడిచే ప్యాకేజీలు)లో వెతకండి. అక్కడ దొరికితే మిగతా శ్రమ అక్కర్లేదు.

2. చోటు ఎంచుకోండి. /యూఎస్ఆర్/లోకల్ యంత్రం నిర్వాహకుడిది. డిస్ట్రో ప్యాకేజీలు అందులో తమ ఫైళ్లు పెట్టకూడదన్నది నియమం. అన్నీ ఒకే డైరెక్టరీలో సర్దుకుని వచ్చే రెడీమేడ్ ప్రోగ్రాములకు /ఆప్ట్ సరిపోతుంది.

3. కంపైల్ చేసిన ఫైళ్లను వాటి చోట్లకు కాపీ చేసే ‘మేక్ ఇన్‌స్టాల్’ను నేరుగా నడపకండి. అది పది డైరెక్టరీల్లో ఫైళ్లు చల్లి పోతుంది, తరువాత ఏరుకోవడం మీ వంతు. ఒక్కో ప్రోగ్రామును దాని సొంత డైరెక్టరీలో ఉంచి లింకులు కట్టే గ్నూ స్టో ఇందుకే ఉంది, దాన్ని ప్యాకేజీ మేనేజర్ ద్వారానే తెచ్చుకోండి. ఉదాహరణకు, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే హెచ్‌టాప్. కాన్ఫిగర్ చేసేటప్పుడు ప్రిఫిక్స్‌గా (ప్రోగ్రాము ఉండే మూల డైరెక్టరీగా) /యూఎస్ఆర్/లోకల్ ఇవ్వండి. ప్రోగ్రాము తన ఫైళ్లను వెతుక్కునేది అక్కడే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం ప్రిఫిక్స్‌ను /యూఎస్ఆర్/లోకల్/స్టో/హెచ్‌టాప్-3.3.0 అని మార్చండి. ఆపై స్టో డైరెక్టరీలోకి వెళ్లి ‘సుడో స్టో హెచ్‌టాప్-3.3.0’ అంటే చాలు, /యూఎస్ఆర్/లోకల్‌లో సిమ్‌లింకులు (అసలు ఫైలు వైపు చూపే లింకులు) ఏర్పడతాయి. అదే పేరుతో అసలు ఫైలు అక్కడ ముందే ఉంటే స్టో దేన్నీ ముట్టుకోకుండా ఆగిపోతుంది. తీసేయాలంటే అదే కమాండ్‌కు మైనస్ గుర్తు, పెద్ద అక్షరం ‘డి’ జోడించండి. లింకులు పోతాయి, అసలు ఫైళ్లు తమ డైరెక్టరీలో ఉంటాయి. కొత్త వెర్షన్ నచ్చకపోతే దాని లింకులు తీసి పాతవి మళ్లీ కట్టుకోవచ్చు.

4. ఏది నడుస్తోందో చూసుకోండి. సాధారణంగా పాత్‌లో (కమాండ్ కోసం వెతికే డైరెక్టరీల వరుసలో) /యూఎస్ఆర్/లోకల్/బిన్ ముందుంటుంది కాబట్టి మీ కాపీకే ప్రాధాన్యం. ‘టైప్ మైనస్ ఎ’ కమాండ్ మీ కాపీనీ, డిస్ట్రో కాపీనీ వరుసలో చూపిస్తుంది. బ్యాష్ (మీ కమాండ్లు అందుకునే షెల్) ఇంకా పాత దారినే పట్టుకుని వేలాడుతుంటే ‘హ్యాష్ మైనస్ ఆర్’ ఇవ్వండి. లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) పెట్టినప్పుడు సిస్టమ్‌కు దాని జాడ తెలిసేలా ‘ఎల్‌డీకాన్ఫిగ్’ నడపాలి.

5. మరో ప్యాకేజీకి అదే లైబ్రరీ కావలసివస్తే ప్యాకేజీ మేనేజర్ మీ కాపీని లెక్కలోకి తీసుకోదు, తనదీ తెస్తుంది. తెచ్చుకోనివ్వండి. డెబియన్‌లో ఈక్వివ్స్‌తో ఉత్తుత్తి ప్యాకేజీ తయారుచేసి నమ్మించవచ్చు గానీ, లైబ్రరీల విషయంలో ఆ అబద్ధం తలనొప్పే.

6. పైథాన్ సంగతి వేరు. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ (పైథాన్ ప్యాకేజీల ఇన్‌స్టాలర్) నేరుగా ఇన్‌స్టాల్ చేయదు. ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అనే ఆప్షన్ ఉంది, పేరులోనే హెచ్చరిక ఉంది. సిస్టమ్ పైథాన్‌ను ముట్టుకోకుండా విడి చోట ఇన్‌స్టాల్ చేసే వెన్వ్ గానీ పిప్‌ఎక్స్ గానీ వాడండి.

7. భద్రతా అప్‌డేట్లు ఇక మీ బాధ్యతే. ఆ ప్రాజెక్టు విడుదల ప్రకటనలకు చందాదారుగా చేరండి. డిస్ట్రో పెద్ద వెర్షన్ మారాక ప్రోగ్రాము తెరుచుకోకపోతే దానికి కావలసిన లైబ్రరీలను చూపే ‘ఎల్‌డీడీ’ని దానిపై నడపండి. దొరకని లైబ్రరీ పక్కన ‘నాట్ ఫౌండ్’ అని కనిపిస్తుంది. కొత్త లైబ్రరీలతో మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుంది.