ఇసి ఎవు గ్రేవీ విరగకుండా

నైజీరియా ఇగ్బోవాళ్ల మేక తలకాయ వంటకం ఇసి ఎవు. ముక్కలు మెత్తగానే ఉడుకుతాయి, పామాయిల్ మాత్రం చాలాసార్లు ముద్ద కట్టకుండా పైకి తేలిపోతుంది. నూనెను పొయ్యి మీద కాకుండా బయటే గిలక్కొడితే ఆ బాధ ఉండదు.

ఒక తలకాయకు అర కప్పు శుద్ధి చేయని ఎర్ర పామాయిల్. అకన్వు అనే వంట క్షారం (అక్కడ పొటాష్ అంటారు) పొడి ఒక టీస్పూను పావు కప్పు నీళ్లలో కలిపి పది నిమిషాలు వదిలేయండి. మడ్డి కదపకుండా పైతేట మాత్రమే వాడాలి, లేకపోతే ఇసుకలా పంటి కింద పడుతుంది. చల్లటి నూనెలో ఆ తేట ఒక్కో చెంచా పోస్తూ చెక్క గరిటెతో తిప్పండి. ఎరుపు పోయి, పసుపు రంగులో చిక్కబడగానే ఆపేయాలి. తేట మిగిలినా సరే, ఎక్కువైతే సబ్బు వాసనే.

మేక మెదడును అల్యూమినియం రేకులో చుట్టి ముక్కలతోపాటే ఉడికించి, మెదిపి ఇందులో కలపండి. గ్రేవీకి అసలు కమ్మదనం దానిదే. తర్వాత వేయించి దంచిన ఎహురు గింజలు (జాజికాయలాంటి మసాలా దినుసు) రెండు, మిరపకాయలు, ఉప్పు, చివరికి నీరు లేకుండా ముక్కలు. సన్న సెగ మీద వేడెక్కితే చాలు. పైన ఉతాజీ ఆకు దారాల్లా తరిగి కొంచెమే వేయండి, బాగా చేదు. చిన్న చెక్క రోలులో పెట్టి నలుగురూ కలిసి తింటారు.

మన ప్యాకెట్ పామాయిల్‌తో ఇది కుదరదు. శుద్ధి చేసిన నూనె ఎంత తిప్పినా చిక్కబడదు.