రోడ్ బైక్ మీద చేతులు మొద్దుబారుతున్నాయా? ఫ్రేమ్ అమ్మేముందు ఇవి చూడండి

"అన్నా, ఈ ఫ్రేమ్ మరీ గట్టిది. అమ్మేసి ఎండ్యూరెన్స్ బైక్ (దూరాలు తొక్కడానికి చేసిన సైకిల్) తీసుకుంటా." 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్) సిద్ధమయ్యేవాళ్ల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ముందు టైరు నొక్కి చూస్తాను. రాయిలా ఉంటుంది.

రోడ్డు గరుకంతా చేతుల్లోకి కొడుతోంది

కారణం టైర్లలో గాలి. టైరు పక్కన 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంటే అంతా కొట్టేస్తారు. అది దాటకూడని హద్దు, అంత కొట్టమని కాదు. 70 కిలోల మనిషికి, ట్యూబు ఉన్న 28 ఎంఎం టైరుకి వెనక 75 దగ్గర మొదలుపెట్టండి, ముందు ఓ ఐదు తగ్గించండి. 25 ఎంఎం అయితే 85-90. ఫ్రేమ్ నిలువుగా వంగేది చాలా కొద్ది. కుదుపును మింగేది ముఖ్యంగా టైరే. మన గరుకు రోడ్ల మీద గాలి ఎక్కువైతే బండి ఎగురుతుంది, వేగం కూడా పోతుంది. రెండు నిమిషాల పని ఇది. దయచేసి ముందు ఇది చేయండి.

గాలి సరిచేసినా 70-80 కిలోమీటర్లకు చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతున్నాయి, మెడ పట్టేస్తోంది

ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కే స్టాండు) ఉంటే గంటన్నర తొక్కండి. అక్కడ రోడ్డు లేదు, గతుకు లేదు. అయినా వేళ్లు మొద్దుబారితే తప్పు ఫ్రేమ్ గట్టిదనానిది కాదు, మీరు కూర్చున్న తీరుది. (ట్రైనర్ మీద కదలకుండా కూర్చుంటాం కాబట్టి పిర్రల నొప్పిని లెక్కలోకి తీసుకోకండి. చేతులు, మెడ మాత్రమే చూడండి.)

నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా సీటు సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు ఎక్కువగా ఉండేది. ఎత్తు ఎక్కువైతే తొడల మధ్య ఒత్తిడి పెరుగుతుంది. అది తప్పించుకోవడానికి సీటు ముక్కు కిందికి వంచాను. ఒత్తిడి తగ్గింది, సమస్య తీరిందనుకున్నాను. కానీ వాలు సీటు మీద మనిషి ముందుకు జారుతూనే ఉంటాడు. ఆ జారుడును ఆపేది చేతులే. గంటల తరబడి ఒంటి బరువు అరచేతుల మీద పడితే వేళ్లు మొద్దుబారతాయి, భుజాలు బిగుస్తాయి, మెడ పట్టేస్తుంది. ఎత్తు దగ్గర మొదలైన తప్పు వేళ్ల దగ్గర బయటపడింది. నేను ఫ్రేమ్‌ను తిట్టుకుని, బైక్ అమ్మి, మెత్తనిదని పేరున్న ఎండ్యూరెన్స్ బైక్ కొన్నాను. పాత సీటు ఎత్తు, వాలు టేపుతో కొలిచి అలాగే పెట్టించాను. రెండో నెలలో శ్రీశైలం రోడ్డు మీద అవే రెండు వేళ్లు.

కాబట్టి ముందు ఎత్తు చూడండి. షూ మడమ పెడల్ మీద పెట్టి వెనక్కి తొక్కండి. పెడల్ కిందికి చేరినప్పుడు కాలు నిటారుగా రావాలి, నడుము పక్కకు ఊగకూడదు. ఊగితే 3-5 మిల్లీమీటర్ల చొప్పున దించండి, ఒక్కసారే సెంటీమీటరు వద్దు. తర్వాత వాలు. సీటు మీద గట్టి అట్ట పుస్తకం పెట్టి, ఫోన్లో లెవెల్ యాప్‌తో కొలవండి. ఇంటి నేల సమంగా ఉందని నమ్మకండి. బైక్ తిప్పి పెట్టి మళ్లీ కొలిచి, రెండింటి సగటు తీసుకోండి. సున్నా నుంచి రెండు డిగ్రీల వాలు చాలు. ఒకే బోల్టు ఉన్న సీట్ పోస్ట్ అయితే పెద్ద స్పీడ్ బ్రేకర్ దెబ్బకు ముక్కు దానంతటదే దిగిపోవచ్చు, అప్పుడప్పుడూ కొలవండి.

హ్యాండిల్ మరీ వెడల్పు కావడం, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు) వదులు, ఫ్రేమ్ పగులు ఉండవని కాదు, అరుదు. షాపులో ఒకసారి చూపిస్తే తేలిపోతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా నొప్పి

ఇప్పుడు ఫ్రేమ్ గురించి మాట్లాడదాం. స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క) కింద స్పేసర్లన్నీ (ఎత్తు పెంచే రింగులు) పెట్టి, పొట్టి స్టెమ్ వేసినా హ్యాండిల్ అందక వంగాల్సి వస్తోందా? 25 కంటే వెడల్పు టైరు పట్టదా? అయితే మార్చడం న్యాయమే. రేసు బైక్ నుంచి ఎండ్యూరెన్స్ బైక్‌కి, అంటే జెయింట్ టీసీఆర్ నుంచి డిఫైకి, స్పెషలైజ్డ్ టార్మాక్ నుంచి రూబేకి వెళ్తే ముఖ్యంగా దొరికేది ఎత్తైన ముందు భాగం, చేతులు తక్కువ చాచితే అందే హ్యాండిల్, వెడల్పు టైర్లు పట్టే చోటు. వారానికి రెండుసార్లు 50 కిలోమీటర్లు గుంపుతో వేగంగా తొక్కేవారైతే ఉన్న గట్టి బైక్‌నే 28 టైర్లతో ఉంచుకోండి. 300, 400 బ్రెవేల మీద మనసుంటే ఎండ్యూరెన్స్ తీసుకోండి. తీసుకున్న రోజున పాత కొలతలే మళ్లీ పెట్టకుండా, మడమతో మళ్లీ మొదటి నుంచి చూసుకోండి.