బడి గ్రంథాలయానికి జీవుల పుస్తకాలు: కొనే ముందు ఏం చూడాలి

దేవరకొండలోనో అచ్చంపేటలోనో సర్కారు బడికి జంతువుల, పక్షుల పుస్తకాలు కొనేటప్పుడు అట్ట మీది పులిని చూసి ఎంచకండి. పిల్లలు రోజూ చూసే జీవుల పేజీలు ముందు తెరవండి. తిమింగలం గురించి తప్పు రాస్తే ఇక్కడి పిల్లలకు తెలిసే దారి లేదు. తొండ గురించి తప్పు రాస్తే మాత్రం వెంటనే పట్టేస్తారు, ఆ పుస్తకాన్ని ఇక నమ్మరు.

చీమ బొమ్మతో మొదలుపెట్టండి. కాళ్లు ఆరు ఉంటే సరిపోదు, ఆరూ నడిమి భాగం నుంచే రావాలి. పొట్టకు కూడా కాళ్లు అతికించారంటే గీసినవాళ్లు చీమను సరిగా చూడలేదన్నమాట. సీతాకోకచిలుక రెక్కలూ ఆ నడిమి భాగానికే ఉండాలి. తొలకరికి చెలకల్లో ఎర్రగా మెరిసే ఆరుద్ర పురుగు ఎదిగాక ఎనిమిది కాళ్లతో ఉంటుంది. అది సాలీడు, తేళ్ల వర్గంలోది, కీటకం కాదు. 'కుహూ' అని కూసేది నల్లటి మగ కోయిల. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది. పాలపిట్టకు రెండు బొమ్మలు కావాలి: వాలినప్పటిది, ఎగిరేటప్పటిది. రెక్క విప్పితేనే ఆ నీలమంతా బయటపడుతుంది.

చిరుతపులి పేజీలో చీటా ఫోటో వేయడం తరచూ జరిగే పొరపాటు. చిరుత ఒంటి మీదివి పువ్వుల్లాంటి గుత్తి మచ్చలు. చీటాకు విడివిడి నల్ల చుక్కలు, కంటి నుంచి నోటి దాకా నల్ల గీత ఉంటాయి. మన గుట్టల్లో తిరిగేది చిరుత. భారత్‌లో అంతరించిన చీటాను 2022లో మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకు తెచ్చారు. నల్లమల అడవి బొమ్మలో సింహం కనిపిస్తే ఆ పుస్తకం వద్దు. మన దేశపు అడవి సింహాలు గుజరాత్‌లోని గిర్, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లోనే ఉన్నాయి.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది పాముల పుస్తకం. పత్తి చేన్లకు, వరి మడులకు పెద్దల వెంట వెళ్లే పిల్లలకు ఇది ప్రాణం కాపాడే సమాచారం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఒళ్లు రాపాడిస్తూ గరగరమనే చిన్న పింజర విడివిడిగా, స్పష్టమైన ఫోటోలతో ఉండాలి. జెర్రిపోతుకు విషం లేదని, ఎలుకలను తింటుందని చెప్పాలి. పాము పాలు తాగుతుందని, పగబడుతుందని నిజంలా రాస్తే తిరిగి ఇచ్చేయండి. కాటు పేజీ మొత్తం చదవండి. కదలకుండా ఉంచడం, 108కు ఫోన్ చేయడం, విష విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చడం ఉండాలి. గాటు పెట్టి రక్తం పీల్చమన్నా, తాడుతో బిగించి కట్టమన్నా ఆ పుస్తకం మిగతాదంతా ఎంత బాగున్నా కొనొద్దు.

ఇరవై పుస్తకాలకు డబ్బుంటే పన్నెండు ఊరి చుట్టూ ఉండే జీవులవి, ఐదు అడవివి, మూడు సముద్రం, మంచు ప్రాంతాలవి తీసుకోండి. ఒకటి, రెండు తరగతులకు పేజీకి రెండు వాక్యాలు చాలు. ఒత్తులు కింది వరుసకు తగలకూడదు. ఫోటో మీదే అక్షరాలు అచ్చేస్తే పసివాళ్లు చదవలేరు. జిగురుతో అతికించిన పుస్తకాన్ని పూర్తిగా విప్పితే పేజీలు ఊడతాయి, అందుకే పలచటి పుస్తకాల్లో మధ్య మడతకు రెండు పిన్నులు కొట్టినవి ఎంచండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. మడిచి పిన్ను కొట్టాలంటే మొత్తం పేజీలు నాలుగుతో భాగించేలా చూసుకోండి.

కొన్నవి అల్మారాలో పెట్టి తాళం వేయకండి. ఆరుద్ర పురుగు పేజీ జూన్ చివర్లో, గిజిగాడు గూళ్లు కట్టే పేజీ వానాకాలంలో, పాలపిట్ట దసరాకు ముందు, వలస బాతుల పేజీ డిసెంబరులో చదివించి, అదే వారం చెరువు కట్ట మీదికో చేను గట్టుకో తీసుకెళ్లండి. గూళ్లను, గుడ్లను ముట్టనివ్వకండి, దూరం నుంచే చూపించండి.

చదివాక తప్పు దొరికితే పేజీ మీద కొట్టేయకుండా, వెనక అట్ట లోపల చీటీ అతికించండి: పేజీ సంఖ్య, తప్పేమిటి, సరైనదేమిటి, ఎక్కడ చూశారు, తేదీ. చీటీ రాసే పని పిల్లలకే ఇవ్వండి. పాముకాటు చికిత్స తప్పయితే మాత్రం చీటీ చాలదు, ఆ పుస్తకాన్ని గ్రంథాలయం నుంచి తీసేయాలి.