పూడిమడక హైడ్రోజన్ హబ్‌పై ప్రాజెక్టు చేసే పిల్లలకు

డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. హైడ్రోజన్ మీద ప్రాజెక్టు చేస్తామంటే, ముందు ఒక ఊరు ఎంచుకోమంటాను. మనకు అనకాపల్లి జిల్లా పూడిమడక ఉంది. అక్కడ వచ్చే ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో శంకుస్థాపన చేశారు. లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్.

ఈ అంకెతోనే లెక్క మొదలుపెట్టండి. ఇక్కడ హైడ్రోజన్‌ను సోలార్ లాంటి కరెంటుతో నీటిని విడగొట్టి తీస్తారు. కిలో హైడ్రోజన్‌కు రసాయన సమీకరణం ప్రకారమే 9 లీటర్ల స్వచ్ఛమైన నీరు కావాలి. అంటే రోజుకు 1.35 కోట్ల లీటర్లు. శుద్ధిలో పోయేది, చల్లబరచడానికి వాడేది దీనికి అదనం. కిలోకు సుమారు 50 యూనిట్ల కరెంటు వేసుకుంటే రోజుకు 7.5 కోట్ల యూనిట్లు. రాత్రి సోలార్ ఉండదు కదా, అప్పుడు ఎక్కడి నుంచి తెస్తారు? నా దృష్టిలో అసలు ప్రాజెక్టు ఈ ప్రశ్నే.

నిల్వ, రవాణా గురించి క్లుప్తంగా రాస్తే చాలు: మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంది, కొన్ని రకాల ఉక్కును పెళుసుగా మారుస్తుంది, మంట పగటి వెలుతురులో దాదాపు కనబడదు.

తర్వాత ఊళ్లోకి వెళ్లండి. పూడిమడక మత్స్యకారుల ఊరు. వేటకు వెళ్లేవారిని, చేపలమ్మే ఆడవాళ్లను విడివిడిగా కలవండి. మగవాళ్ల ముందు ఆడవాళ్లు మనసు విప్పరు. "ప్రాజెక్టు మంచిదేనా?" అని అడగొద్దు. వల ఎక్కడ వేస్తారు, తాగునీరు ఎక్కడిది, పిల్లలు ఏం చదివారు అని అడగండి. సముద్రపు నీటినే శుద్ధి చేస్తే మిగిలే ఉప్పునీరు ఎక్కడ వదలాలన్న ప్రశ్న వస్తుంది. వాళ్లు చెప్పిన వేట చోట్లను మ్యాపు మీద గుర్తించి, మీ నీటి లెక్క పక్కనే పెట్టండి.